ముల్లు దిగుతోంది

పొద్దున ఆరున్నరకే మా షెడ్డు ముందు నలుగురు పోగయ్యారు. మా షెడ్డుకి ఆ నలుగురే నాలుగు వందల మంది. టైర్ల కొట్టాయనైతే పళ్లు తోముకుంటూనే వచ్చేశాడు. అందరూ చూడ్డానికొచ్చింది పశువుల డాక్టరుగారి పాత తెల్ల కారుని. దాని ఇంజిన్‌ని బోల్టు బోల్టుగా విప్పి మళ్లీ బిగించింది మా అత్తయ్య. ఒక్కతే! నలభై మూడు రోజులు పట్టింది.

షెడ్డు మా తాతయ్యది. అత్తయ్య ఆయన కూతురు, మా నాన్నకి చెల్లెలు. బ్రేకులు, క్లచ్చులు, టైర్లు ఎప్పట్నుంచో అత్తయ్యే చూస్తుంది. ఇంజిన్ మూత తెరిచే పని మాత్రం తాతయ్యది. ఆవిడ ఒక్క స్పానరు పట్టుకుని దగ్గరికొస్తే చాలు, "నువ్వు జరుగమ్మాయ్, వెలుతురుకి అడ్డం" అనేవాడు. అలాంటిది ఈ ఏడు తాతయ్య కుడిచెయ్యి వణకడం మొదలెట్టింది. డాక్టరుగారి కారు పొగలు కక్కుకుంటూ వచ్చిన రోజున, "ఇది నేను విప్పుతా నాన్నా" అంది అత్తయ్య. తాతయ్య నాలుగో రోజు అన్నం తింటూ తింటూ షరతు పెట్టాడు.

"విప్పుకో. పనయ్యాక నేను పక్కన కూర్చుంటా, నువ్వు నడుపు. కొండ మీద టవరు దాకా ఒక్కచోట కూడా ఆగకుండా ఎక్కించాలి. ఎక్కితే ఈ షెడ్డులో ఇంజిన్లన్నీ నీవి. మధ్యలో ఆగిందా, మళ్లీ నా దగ్గర ఇంజిన్ మాట ఎత్తకు."

"మరి ఆవు అడ్డమొస్తే?" అంది అత్తయ్య.

"ఆవు అడ్డమొస్తే డాక్టరుగారున్నారుగా, ఆయన చూసుకుంటాడు."

అత్తయ్య నవ్వలేదు. చెయ్యి కడుక్కోకుండానే లేచి షెడ్డులోకి వెళ్లిపోయింది.

ఈ నలభై మూడు రోజుల్లో నాక్కూడా ఒక పని దొరికింది. పాత లారీ ఒకటి తుక్కు కింద వస్తే, దాన్లోంచి అత్తయ్య ఒక మీటరు పీకింది. ఇంజిన్ ఆయిల్ ఎంత వేడిగా ఉందో చూపించే మీటరు అది. దాని తీగ చివర వేలెడంత ఇత్తడి ముక్క ఉంటుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవుండే చాంబరుకి ముందువైపు బెజ్జం పెట్టి, ఆ ముక్కని లోపలికి బిగించింది. అది ఆయిల్‌లో మునిగి ఉండి, వేడెంతో పైన ముల్లుకి చెబుతుంది.

తాతయ్య దాన్ని చూసి చూసి, "ఆయిల్‌కి జ్వరం చూస్తావా? పశువుల డాక్టరు కారని థర్మామీటరు పెట్టావా ఏంటి?" అన్నాడు.

"ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లకి ముల్లు ఉందిగా అంటావు. నీళ్లు నాలుగు నిమిషాల్లో వేడెక్కుతాయి నాన్నా. ఆయిల్‌కి అప్పటికింకా తెల్లారదు. బిరుసుగా ఉన్న ఆయిల్ సందుల్లోకి పోకముందే మనం కాలు పెట్టి తొక్కుతాం. సగం ఇంజిన్లు అలాగే అరుగుతున్నాయి."

"నలభై ఏళ్లుగా నేను తొక్కినవి అరిగాయా?"

"అరిగే కదా మళ్లీ మన దగ్గరికొచ్చింది!"

నేను నోరు మూసుకుని నవ్వాను. అప్పుడు అత్తయ్య నా వైపు తిరిగి, "ఒసేయ్ పిచ్చుకా, నువ్వెలాగూ రోజూ డైరీ రాస్తావుగా. వెనక పేజీల్లో ఇదీ రాయి. నిమిషానికోసారి నీళ్లెంత, ఆయిలెంత" అంది. నా గొంతు చిన్నదని ఇంట్లో అందరూ నన్ను పిచ్చుక అనే పిలుస్తారు.

తొమ్మిది రోజులు రాశాను. ఇంజిన్ స్టార్ట్ చేసిన నాలుగో నిమిషానికి నీళ్లు ఎనభై, ఆయిల్ నలభై ఆరు. పదో నిమిషానికి గానీ ఆయిల్ ఎనభై తాకదు. ప్రతి రోజూ అంతే! ఒకే ఇంజిన్‌లో పక్కపక్కనే తిరిగే రెండూ ఇంత తేడాగా ఉంటాయని నాకేం తెలుసు? నాలుగో రోజుకి నాకు ఆ అంకెలు లేకపోతే తోచడం మానేసింది. ఎనభై లోపు గట్టిగా తొక్కకూడదు, నూట ఇరవై ఐదు దాటితే ఆయిల్ పలచబడి పట్టు తప్పుతుంది కాబట్టి కాలు తీసెయ్యాలి. ఇవి అత్తయ్య లెక్కలు. నేను వాటి కింద ఎర్ర గీతలు కొట్టుకున్నాను.

ఇక ఆ పొద్దున సంగతి. ముందు రోజు సాయంత్రం అత్తయ్య పాత ఆయిల్ దించి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్ మూడు లీటర్లు పోసింది. ఆఖరి లీటరు పొయ్యలేదు. మా షెడ్డులో ఆఖరి లీటరు తాతయ్య చేత్తోనే పడాలి. పుల్ల పీకి చూసి, "ఊ, చాలు" అని ఆయన అంటేనే మూత బిగిస్తారు. పుల్లంటే ఆయిల్ ఎంతుందో చూసే సన్నటి ఇనప పుల్ల. దాని మీద కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి.

తాతయ్య వచ్చి పుల్ల పీకాడు. రెండు గీతల మధ్య సగం దాకా తడిగా ఉంది.

"చాలు" అన్నాడు.

"లీటరు మిగిలిపోయింది నాన్నా" అంది అత్తయ్య, డబ్బా ఊపి చూపిస్తూ.

"పాతది లోపల మిగిలి ఉంటుంది. పుల్ల చెప్పాక డబ్బా మాట వినకూడదు."

వేరే రోజైతే అత్తయ్య వాదించేదే. ఆ రోజు పరీక్ష పెట్టేది ఆయనే. డబ్బా తీసి డిక్కీలో పెట్టి తాళం చేతిలోకి తీసుకుంది.

ముందు అత్తయ్య, పక్కన తాతయ్య, వెనక నేనూ డాక్టరుగారూ. కొండ మీద పాకలో ఒక దూడకి కడుపు ఉబ్బిందని ఆయనకి కబురొచ్చింది, మందుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను రెండు సీట్ల మధ్యలోంచి తల దూర్చి మీటరు చూడాలి, అంకె పైకి చదవాలి. నా పని అదే.

"నలభై."

"ఏంటీ?" అన్నాడు తాతయ్య.

"నలభై, తాతయ్యా."

"గట్టిగా చెప్పవే. ఇంజిన్‌కి వినిపిస్తోంది గానీ నాకు వినిపించట్లేదు."

ఊరి చివరి దాకా చదును రోడ్డు. అత్తయ్య నెమ్మదిగా, గుడ్లబుట్ట మోస్తున్నట్టు నడిపింది. ఒక సైకిలు మమ్మల్ని దాటిపోయింది. దాటుతూ ఆయన వెనక్కి తిరిగి జాలిగా చూశాడు కూడా.

"వెనక నత్త హారన్ కొడుతోంది. దారివ్వు" అన్నాడు తాతయ్య.

"ఎనభై రానీ నాన్నా."

"అరవై తొమ్మిది" అన్నాను. "డెబ్బై ఆరు."

కొండ మొదలయ్యే చోట ఒక మైలురాయి ఉంది. సరిగ్గా దాని దగ్గర ముల్లు వచ్చి నిలబడింది. "ఎనభై!" అని అరిచాను. అది అరుపే, నాకే ఆశ్చర్యమేసింది. అత్తయ్య రెండో గేరు వేసి కాలు నొక్కింది.

అబ్బ, ఆ చప్పుడు! పొగలు కక్కుతూ, దగ్గుతూ వచ్చిన కారేనా ఇది? ఒకటే గొంతు, ఎక్కడా చీలిక లేదు. నేను ముందు సీట్లు గట్టిగా పట్టుకున్నాను. మొదటి మలుపు, రెండో మలుపు. ఈ కొండకి మొత్తం పంతొమ్మిది మలుపులు. కిటికీలోంచి గాలి కొడుతుంటే డాక్టరుగారి మందుల చీటీలు ఎగురుతున్నాయి, ఆయన రెండు చేతులా పట్టుకుంటున్నాడు.

"తొంభై నాలుగు!" ఐదో మలుపు. "నూట ఒకటి!" ఎనిమిదో మలుపు.

తాతయ్య తల కొంచెం పక్కకి వంచి ఇంజిన్ వింటున్నాడు. ఆయన వేళ్లు మోకాలి మీద చప్పుడుతో పాటే తాళం వేస్తున్నాయి. వణికే చెయ్యి కాదు, రెండోది. అత్తయ్య అది ఓరకంట చూసింది. చూసి ఇంకొంచెం తొక్కింది.

"నూట ఏడు! నూట పదకొండు!" పదకొండో మలుపు దాటాం. "నూట పదమూడు!" పన్నెండు.

ఇంకా ఏడే! నూట ఇరవై ఐదుకి చాలా దూరం ఉంది. నాకు కేరింతలు కొట్టాలనిపించింది.

పదమూడో మలుపులో ముల్లు నూట తొమ్మిది చూపించింది.

"నూట తొమ్మిది" అన్నాను.

"తగ్గిందా? భలే!" అన్నాడు డాక్టరుగారు. "పైకెక్కే కొద్దీ చల్లగాలి మరి."

"నూట మూడు."

"చూశారా మేస్త్రీగారూ, మీ అమ్మాయి చేసిన ఇంజిన్‌కి చెమట కూడా పట్టట్లేదు."

తాతయ్య "ఊ" అన్నాడు. ఆ "ఊ" ఎంత అరుదో మా ఇంట్లో వాళ్లకే తెలుసు. అత్తయ్య మొహం వెలిగిపోయింది. పదునాలుగో మలుపు. అక్కడ రోడ్డు గోడలాగా లేచి ఉంటుంది, అత్తయ్య కాలు నేలకి అదిమి పెట్టింది. ముల్లు తొంభై ఎనిమిది.

పొయ్యి మంట ఎగదోస్తుంటే గిన్నె చల్లబడుతుందా? నీళ్ల ముల్లు చూశాను. అది మెల్లగా పైకే వెళ్తోంది. నీళ్లు వేడెక్కుతున్నాయి, ఆయిల్ మాత్రం చల్లారుతోంది. తొమ్మిది రోజుల నా అంకెల్లో ఎక్కడా అలా లేదు. తొక్కినప్పుడు రెండూ ఎక్కాయి, ఆగినప్పుడు రెండూ దిగాయి.

ఒక్కసారి తప్ప. నిన్న సాయంత్రం. వేడి ఇంజిన్ కింద బోల్టు విప్పి అత్తయ్య పాత ఆయిల్ దించుతుంటే, మీటరు ఇంకా వెలుగుతూనే ఉంటే, ఊరికే ఉండలేక అదీ రాశాను. ఎనభై ఎనిమిది, డెబ్బై తొమ్మిది, అరవై ఆరు. ఇంజిన్ ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగానే ఉంది. ముల్లు మాత్రం దిగిపోయింది, ఎందుకంటే ఇత్తడి ముక్క చుట్టూ ఆయిల్ లేదు.

నోరు తెరిచాను. ఆపమంటే పరీక్ష పోతుంది. నలభై మూడు రోజులు పోతాయి. అత్తయ్యకి మళ్లీ బ్రేకులే. ఒకవేళ నేను చెప్పేది తప్పైతే? పిచ్చుక కూత కూసి అత్తయ్య కొంప ముంచిందని బతికినంత కాలం అంటారు. అంకెలు చదివే పిల్లని, నాకెందుకు? ముల్లు తొంభై నాలుగు.

"అత్తా, ఆపు!"

కారులో అందరూ ఉలిక్కిపడ్డారు. నేనే ఎక్కువ.

"ఏమైందే?"

"ఆపు అత్తా, ఆపెయ్! తొంభై నాలుగుకి వచ్చేసింది!"

"తగ్గితే మంచిదేగా!"

"తగ్గకూడదు! నీళ్లు ఎక్కుతున్నాయి, ఇది దిగుతోంది. ఆ ముక్క ఆయిల్‌లో లేదు అత్తా, గాల్లో ఉంది!"

అద్దంలో అత్తయ్య కళ్లు నా కళ్లని చూశాయి. ఒక్క క్షణం. ఆ క్షణంలో ఆవిడ తాతయ్య వైపు కూడా చూసింది. తర్వాత స్టీరింగు పక్కకి కోసి, ఎదురొచ్చే బండ్లకి దారివ్వడానికి వదిలిన చదును చోట కారు పెట్టి, అప్పటికప్పుడు తాళం తిప్పేసింది.

ఇంజిన్ ఆగింది. ఎక్కడో పిట్ట అరిచింది.

"ఆపావు" అన్నాడు తాతయ్య.

అత్తయ్య దిగి బానెట్ ఎత్తింది. ఆయిల్ అంతా కిందికి దిగాలని ఐదు నిమిషాలు ఆగాలి. ఆ ఐదు నిమిషాలు ఎలా గడిచాయో నేను రాయలేను. డాక్టరుగారు దూడ సంగతి ఎత్తబోయి, మందుల చీటీలు సర్దుకోసాగాడు. అత్తయ్య పుల్ల పీకి, గుడ్డతో తుడిచి, మళ్లీ దించి, మళ్లీ పీకింది.

కింది గీత కూడా తడవలేదు. పుల్ల కొసన గోరంత తడి, అంతే!

"ఇటివ్వు" అని తాతయ్య లాక్కుని తనే దించాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. కారు కింద వంగి చూశాడు. ఒక్క చుక్క కారలేదు. "పొద్దున సగం ఉంది. నా కళ్లతో చూశా" అన్నాడు.

"సగమే కదా నాన్నా మన షెడ్డులో నిండు" అంది అత్తయ్య.

అది నిజం. మా షెడ్డు నేల నీళ్లు బయటికి పోవాలని తలుపు వైపు వాలుగా వేశారు. కార్లు ముక్కు లోపలికి పెట్టి నిలుపుతాం. అప్పుడు ముక్కు ఎత్తులో ఉంటుంది, ఆయిల్ వెనక్కి జారుతుంది, ముందువైపుండే పుల్ల తక్కువ చూపిస్తుంది. అందుకని సగం తడిస్తే నిండినట్టు. ఇది మా షెడ్డు లెక్క, తాతయ్యే పెట్టాడు.

"కానీ తాతయ్యా" అన్నాను. నా గొంతు మళ్లీ చిన్నదైపోయింది. "పొద్దున కారు ముక్కు తలుపు వైపుంది కదా."

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"అవును" అంది అత్తయ్య మెల్లగా. "నేనే. పొద్దున్నే సరాసరి బయటికి దూసుకుపోవచ్చని రాత్రి వెనక్కి పెట్టాను. అయ్యో నాన్నా!"

ముక్కు పల్లంలో ఉంటే ఆయిల్ ముందుకి జారి, పుల్ల ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది. దాన్నే మేం తక్కువ చూపిస్తోందనుకున్నాం. పైగా కొత్త ఫిల్టరు తన వాటా తను తాగేసింది. ఉన్న కాస్తా కొండ నిటారయ్యేసరికి వెనక్కి పోయి ముక్క బయటపడింది.

"ఇంకో రెండు మలుపులైతే ఆయిల్ తోడే పంపు కూడా గాలి పీల్చేది" అంది అత్తయ్య. "ఆయిల్ అందట్లేదని ఎర్ర లైటు వెలిగేది."

"అది వెలిగేది చేతులు కాలాకే" అన్నాడు తాతయ్య. "బేరింగులు పట్టేసేవి." రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. వాలు చూస్తున్నట్టు అరచేతిని ఇటు వంచాడు, అటు వంచాడు. ఉన్నట్టుండి నవ్వు మొదలెట్టాడు. "వంకర నేల మీద వంకర లెక్క! నలభై ఏళ్లు! నేల బాగు చేయించరా అని ఒక్కడూ చెప్పలేదు చూడు నాకు."

"నేను చెప్పాను నాన్నా. ఏడేళ్లుగా చెప్తున్నా."

"నువ్వు చెప్తే నేను వింటానా?"

డాక్టరుగారు కూడా నవ్వేశాడు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఆవిడకి ఇంకో భయం. డిక్కీలోంచి మిగిలిన లీటరు తెచ్చి పోసింది, పుల్ల చూసింది, పైగీతకి రవ్వంత కింద. స్టార్ట్ చేసి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంది. బేరింగు దెబ్బతింటే లోపల టకటకమని సుత్తి పెట్టి కొట్టినట్టు వినిపిస్తుందట. కళ్లు మూసుకుని వింది. చోటు మార్చింది, మళ్లీ వింది. తర్వాత స్క్రూడ్రైవరు తాతయ్యకిచ్చింది. ఆయనా విన్నాడు, ఆమె కంటే ఎక్కువసేపు.

"శుభ్రంగా ఉంది" అన్నాడు.

అత్తయ్య గబుక్కున నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. గ్రీజు చేతులు! నా జాకెట్టు మీద ఐదు వేళ్లూ పడ్డాయి. "పిచ్చుకా, ఓసి నా పిచ్చుకా!" అంటూనే ఉంది.

"షరతు ప్రకారం ఆగింది" అన్నాడు తాతయ్య వెనక నుంచి.

అత్తయ్య నన్ను దించేసింది. "ఆగింది" అని ఒప్పుకుంది.

"అక్కడ దూడ మాత్రం ఆగలేదండీ మేస్త్రీగారూ, పదండి" అన్నాడు డాక్టరుగారు.

ఎక్కాం. ఈసారి మిగిలిన మలుపులన్నీ నా అంకెలే. తొంభై తొమ్మిది. నూట ఆరు. నూట పన్నెండు, నూట పదిహేను. నిటారు చోట కూడా ముల్లు ఎక్కడమే గానీ దిగడం లేదు. అది ఎక్కుతుంటే ఇంత ఆనందమేస్తుందని ఎవరనుకున్నారు! పదహారు, పదిహేడు, పద్దెనిమిది. చివరి మలుపు తిరగగానే టవరు, దాని వెనక మొత్తం ఆకాశం.

అత్తయ్య కారు నిలిపింది గానీ ఇంజిన్ ఆపలేదు. కాసేపు తీరిగ్గా తిరగనిస్తే ఆయిల్ లోపలి వేడినంతా మోసుకొచ్చేస్తుంది. పరిగెత్తినవాణ్ని దబ్బున కూర్చోబెట్టకూడదు కదా. డాక్టరుగారు సంచి తీసుకుని దిగి, రెండడుగులు వేసి వెనక్కొచ్చాడు.

"మేస్త్రీగారూ, మా తమ్ముడి జీపు కూడా ఆయిల్ తాగేస్తోంది. వచ్చే వారం పంపమంటారా?"

తాతయ్య సీటులోంచి కదల్లేదు. అద్దం మీది దుమ్ముని వేలితో గీస్తున్నాడు.

"నన్నడుగుతారేంటి? ఇంజిన్లు చూసేది ఆవిడ."

అత్తయ్య చెయ్యి గేరు మీద అలాగే ఉండిపోయింది. తాతయ్య తన కూతుర్ని ఆవిడ అనడం నేను అదే మొదటిసారి వినడం.

"ఆగింది కదా నాన్నా" అంది. గొంతు నాకంటే చిన్నగా.

"ఆగకుండా ఎక్కించేవాళ్లు ఊరి నిండా ఉన్నారు. మనం వాళ్ల ఇంజిన్లే కదా విప్పేది." తలుపు తీసుకుని దిగాడు. "వెళ్లు, ఆయన్ని అడుగు. రోగం తెలుసుకోకుండా పంపించేస్తావా?"

అత్తయ్య చెంగున దిగి డాక్టరుగారి వెనక పాకల వైపు పరిగెత్తింది. "పొగ ఏ రంగండీ? నీలమా, నలుపా? పొద్దున స్టార్ట్ చేసినప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా?" అని అడుగుతూ. ఆయన దూడ వైపు పరుగు, ఈవిడ ఆయన వైపు పరుగు.

కారు ఇంకా తిరుగుతూనే ఉంది. తాతయ్య నావైపు చూసి, "ఎంత?" అన్నాడు.

"నూట రెండు."

"చూస్తూ ఉండు."

తొంభై ఎనిమిది. తొంభై ఆరు. తొంభై ఐదు దగ్గర ముల్లు ఇక కదల్లేదు. నేను ముందు సీటులోకి దూకి తాళం తిప్పి ఇంజిన్ ఆపాను.